సవతి చేతిలో దారం

కింది దవడ ముందు ఎముక తీసేస్తే నాలుక వెనక్కి పడిపోతుంది. నాలుకను ముందుకు పట్టి ఉంచే కండరాలు ఆ ఎముకకే అంటుకొని ఉంటాయి కాబట్టి, ఎముక పోగానే వాటికి ఆధారం పోతుంది. మనిషి వెల్లకిలా పడుకుంటే చాలు, నాలుక గొంతుకు అడ్డంపడి ఊపిరి ఆగుతుంది. ఇప్పుడు మీకు నానా రకాల గొట్టాలూ యంత్రాలూ ఉన్నాయి. ఆ రోజుల్లో మాకున్నది పట్టుదారం ఒక్కటే. నాలుకకు ఒక కుట్టు వేసి, దారం కొసను నోటి బయటికి తెచ్చి, ఎవరో ఒకరు దాన్ని పట్టుకొని కూర్చునేవాళ్ళు. గొంతులో గురక వినిపిస్తే మెల్లగా ముందుకు లాగాలి. వాపు తగ్గి, నాలుక తన చోట తాను నిలబడడం నేర్చుకునేదాకా అదే పని.

అలాంటి దారాన్ని ఒకసారి నేను పేషెంటు సవతి చేతికిచ్చాను. నర్సు పనిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా, "మీరు మరిచిపోలేని కేసేది మ్మా?" అని అడుగుతారు. నేను ఏదో ఒక కాన్పు కథ చెప్పి పంపించేదాన్ని. ఇది కొంచెం తీరిగ్గా చెప్పాల్సిన కథ. అందుకని రాస్తున్నాను.

మాది కడప జిల్లాలో చిన్న మిషను ఆసుపత్రి, ఆడవాళ్ళకూ పిల్లలకూ. మా అమ్మానాన్నలు కమలాపురం పక్కన చేలల్లో కూలికి పోయేవాళ్ళు. మా గుడి పాస్టరు గారి పుణ్యాన నేను నాలుగక్షరాలు నేర్చుకొని, నర్సు ట్రెయినింగు చేసి, అదే జిల్లాలో ఉద్యోగానికి కుదిరాను. యుద్ధం ఇంకా మొదలుకాని రోజులు. ఆసుపత్రికి డాక్టరు ఒక్కతే, సముద్రాలు దాటి వచ్చిన దొరసాని. అందరం డాక్టరమ్మ అనేవాళ్ళం. ఆమె తెలుగు ఏదో పాత వ్యాకరణ పుస్తకం చూసి నేర్చుకుంది. "నోరు తెరువుము, భయపడకుము" అనేది. పల్లెటూరి ఆడవాళ్ళు అది మంత్రమనుకొని కళ్ళు మూసుకునేవాళ్ళు. నేను పక్కనుండి, "నోరు తెరు మ్మా, ఏం గాదు" అని మళ్ళీ చెప్పాల్సి వచ్చేది.

ఒక ఎండాకాలం పొద్దున, ఎర్రగుంట్ల వైపు నుంచి వచ్చే రైలు దిగి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ముందు నడిచే అమ్మాయికి పద్దెనిమిదో పందొమ్మిదో ఉంటాయి. నల్లగా, సన్నగా, చురుగ్గా ఉంది. వెనకామెకు ముప్పై దాటి ఉంటాయి. కొంగును ముక్కు కింది నుంచి మెడదాకా చుట్టుకుంది. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. మంచి కళ్ళు, దేన్నో చూసి నవ్వుకుంటున్నట్టుండే కళ్ళు.

"మీ అక్కనా?" అని అడిగాను.

"అక్కే మ్మా," అంది ఆ అమ్మాయి. కొంగు సర్దుకొని, "మా ఆయప్ప పెద్ద పెండ్లాము. నేను చిన్నదాన్ని," అంది.

వరండాలో కూర్చున్న రోగులందరూ ఇటు తిరిగారు.

కొంగు విప్పితే కింది దవడ ముందంతా టెంకాయంత గడ్డ. చర్మం సాగిపోయి నిగనిగలాడుతోంది. దాని మీద ఇనుప కడ్డీతో వాతలు పెట్టిన మచ్చలు. పళ్ళు ఒక్కోటి ఒక్కో దిక్కుకు తిరిగి ఉన్నాయి. కొన్నేళ్ళ కింద పన్ను నొప్పిగా మొదలైందట. తిరునాళ్ళలో పళ్ళు పీకేవాడు పన్ను పీకాడు, గడ్డ మాత్రం పెరిగింది. వాతలు పెట్టించారు, పసర్లు కట్టారు, మొక్కులు మొక్కారు. చివరికి అత్తగారు, ఈ ముఖం చూసుకుంటూ కొడుకు ఎలా సంసారం చేస్తాడని చెప్పి రెండో పిల్లను తెచ్చింది. ఆ భర్త దుర్మార్గుడేమీ కాదని తర్వాత నాకు తెలిసింది. చుట్టుపక్కల పదిమంది ఏం చేస్తారో అతనూ అదే చేశాడు.

డాక్టరమ్మ చాలాసేపు తడిమి చూసింది. అది క్యాన్సరు కాదు, దవడ ఎముకలోనే పుట్టి మెల్లగా పెరిగే గడ్డ. కానీ దానంతట అది ఆగదు. ఆమె అప్పటికే నమలలేక అంబలీ మజ్జిగా తాగి బతుకుతోంది. ఇంకొన్నాళ్ళకు అదీ దిగదు. మద్రాసు పొమ్మంది డాక్టరమ్మ.

పెద్దామె తల అడ్డంగా ఊపింది. గడ్డ అడ్డం వచ్చి మాట ముద్దగా వస్తోంది. "మద్రాసు వద్దు. సచ్చినా ఈ గడ్డ మీదనే సస్తా."

"ఏ గడ్డ మీద?" అని చిన్నామె ఆమె దవడ వైపు చూసింది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. సవతులు అలా నవ్వుకోవడం నేను ఎక్కడా చూడలేదు.

డాక్టరమ్మ ఆ ఆపరేషను ఎప్పుడూ చేయలేదు. చదువుకునే రోజుల్లో ఒకసారి, వెనక వరసలో నిలబడి చూసిందట, అంతే. ఆ సంగతి దాచలేదు. పెద్దామె ఎదురుగా కూర్చొని, "నేను ఇది ఇంతకుముందు చేసి ఉండలేదు. అయినను చేయగలనని తలంచుచున్నాను," అంది.

"ఇంతకుముందు చేసింది లేదంట. చేస్తానంటాంది," అని నేను విప్పి చెప్పాను.

"నేను గూడా చేయించుకునింది లేదులే," అంది పెద్దామె.

మరి భర్త ఒప్పుకోవాలి కదా అన్నది మా పెద్ద నర్సమ్మ. ఆమె మా అందరికీ పైన, వార్డు పద్ధతులకు కావలి. చిన్నామె తల వంచుకుంది. పుట్టింటికి పోయొస్తామని చెప్పి పెద్దామెను ఇక్కడికి తీసుకొచ్చిందట. భర్తకు తెలీదు. పెద్ద నర్సమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. రేపు ఈమె చచ్చిపోతే ఎవరికి లాభం, అనే చూపు అది. డాక్టరమ్మ మాత్రం, "ముఖము ఈమెది. ఈమెనే అడుగుము," అని లేచి వెళ్ళిపోయింది. పెద్దామె వేలిముద్ర వేసింది.

తర్వాత కొన్ని రోజులు మా ఊరి కటికాయన రోజూ పొద్దున్నే ఒక మేక తలకాయ తెచ్చి ఇచ్చాడు. డాక్టరమ్మ తలుపు మూసుకొని, ఒక పక్కన లావుపాటి పుస్తకం తెరిచి పెట్టుకొని, తీగ రంపంతో ఆ దవడలు కోయడం, కుట్టడం సాధన చేసేది. కోత అయ్యాక తలకాయ వంటింటికి పోయేది. మేమంతా తలకాయ కూర తిని తిని విసిగిపోయాం. కటికాయన ఒకనాడు నన్ను చాటుకు పిలిచి, "ఏమ్మా, దొరసానమ్మకు తలకాయ కూరంటే అంత షోకా?" అని అడిగాడు. నిజానికి డాక్టరమ్మ ముక్క కూడా ముట్టలేదు.

ఆపరేషను ఎలా చేశారన్నది మీకు పుస్తకాల్లో దొరుకుతుంది. నాకు గుర్తున్నది కాంపౌండరయ్య పాట. మత్తు ఇచ్చేది ఆయనే, నాకు తండ్రి వయసువాడు. ముక్కులో నుంచి రబ్బరు గొట్టం వేసి దాని గుండా క్లోరోఫారం పంపుతూ, భయం వేసినప్పుడల్లా గొంతులోపల ఒక కీర్తన పాడుకునేవాడు. పాట నడుస్తున్నంతసేపు పేషెంటు బాగున్నట్టు లెక్క. ఎముక రెండో పక్క కూడా తెగి, గడ్డ డాక్టరమ్మ చేతిలోకి వచ్చేసింది. అదే క్షణంలో పాట ఆగింది. పెద్దామె ముఖం నీలంగా మారిపోయింది. నాలుక వెనక్కి పడింది. డాక్టరమ్మ గడ్డను బేసిన్లో పారేసి, సూది తీసుకొని నాలుక కొసన గుచ్చి దారం లాగింది. చిరిగిన తిత్తిలోకి గాలి పోయినట్టు పెద్ద శబ్దంతో ఊపిరి వచ్చింది. కాంపౌండరయ్య పాటను ఆపిన చోటి నుంచే మళ్ళీ అందుకున్నాడు.

"పట్టుకొనుము," అని దారం నా చేతిలో పెట్టింది డాక్టరమ్మ.

ఆ దారం కొసకు ఒక చొక్కా బొత్తాం కట్టాం, చెమట చేతిలోంచి జారిపోకుండా. పెద్దామెను దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టాం. నేనూ మరో ఇద్దరు నర్సులూ వంతులు వేసుకొని పట్టుకున్నాం. ముక్కు నుంచి కడుపులోకి వేసిన గొట్టంలోంచి పాలు, పల్చటి రాగి అంబలి పోసేవాళ్ళం. చిన్నామె బయట వంటపాకలో అంబలి కాచి తెచ్చేది. మొదటి రోజుల్లో, మా చేతి నీళ్ళు పెద్దామె తాగుతుందో తాగదోనని మేమే వెనకాడేవాళ్ళం. పెద్దామె కళ్ళతోనే "పొయ్యి మ్మా" అన్నట్టు చూసింది. ఆ తర్వాత ఆ సంగతి ఎవరమూ తలుచుకోలేదు.

అలా సాగుతుండగా పక్క ఊరి తిరునాళ్ళ నుంచి కలరా వచ్చిపడింది. బండ్ల మీద జనాన్ని తెచ్చి దించుతున్నారు. ఆసుపత్రి వెనక తడికెలతో పాక వేశారు. డాక్టరమ్మ, పెద్ద నర్సమ్మ, మిగతా నర్సులు అందరూ అటు పోయారు. వార్డులో మిగిలింది నేను. ఒకవైపు ఈ దారం, ఇంకోవైపు కాన్పుల గదిలో నొప్పులు పడుతున్న తొలిచూలు పిల్ల.

చిన్నామె మంచం పక్కనే నేల మీద కూర్చొని ఉంది. "నాకియ్యి మ్మా, నేను పట్టుకుంటా. యాడికీ పోను," అంది.

పెద్ద నర్సమ్మ పాకలోకి పోతూ గుమ్మంలో ఆగి, "సవతి చేతికి గొంతు అప్పగించేవాళ్ళు ఉంటారా ఎక్కడన్నా?" అనేసి పోయింది. పక్క మంచం మీది ముసలమ్మ, కంటి ఆపరేషనుకు వచ్చినామె, "దాని చేతికి ఇయ్యొద్దు బిడ్డా. పీక పిసికితే సెప్పేదానికి ఆయమ్మకు నోరు గూడా లేదు," అంది చిన్నామెకు వినబడేటట్టే.

పెద్దామెను అడుగుదామంటే జ్వరంతో మగతగా పడి ఉంది. కాన్పుల గదిలోంచి కేక వినిపించింది. నాకు అప్పుడు పాతికేళ్ళు కూడా లేవు. చిన్నామె ముఖంలోకి చూశాను. ఆ పిల్ల బతిమాలడం లేదు. ఎప్పటి నుంచో తన వంతు కోసం వేచి ఉన్నదానిలా ఊరికే చెయ్యి చాచి కూర్చుంది.

దారం ఆ చేతిలో పెట్టాను. గురక మాదిరి శబ్దం వస్తే లాగాలని, లాగినా ఊపిరి రాకపోతే గుడ్డతో నాలుకనే పట్టి బయటికి లాగాలని, నన్ను కేకేయాలని నేర్పాను. రెండుసార్లు తిరిగి చెప్పించుకున్నాను.

ఆ తర్వాత ఆ దారం ఎక్కువగా ఆమె చేతిలోనే ఉంది. నేను పని చేసుకుంటూ మధ్య మధ్య వచ్చి చూసేదాన్ని. ఆ పిల్ల రెప్పవాల్చకుండా కూర్చొని ఉండేది. అలా ఒకసారి, కట్టు మారుస్తూ అడిగేశాను.

"ఈమెను ఇంత దూరం ఎందుకు తెచ్చినావు? ఇంట్లో చెప్పకుండా?"

ఆమె బొత్తాం వంక చూస్తూ చెప్పింది. "నా పెండ్లయినాక మా అమ్మోళ్లు నన్ను ఇడిసిపెట్టి పోయినారు. నేను ఒకటే ఏడుపు. ఎవరూ పలకరించలేదు. ఈయమ్మ దుప్పటి తెచ్చుకోని నా పక్కన పండుకునింది. గడ్డ నాకు తగుల్తాదని ఆ పక్కకు తిరిగి పండుకునింది. నేను ఆయమ్మ ఈపు పట్టుకోని నిద్దరపోయినా."

దారం ఒకసారి సరిచూసుకుంది. తర్వాత కొంచెం నవ్వుతూ అంది. "ఇంకోటి గూడా ఉండాదిలే మ్మా. ఈయమ్మ మొగం బాగలేదని నన్ను తెచ్చినారు. రేపు నాకు కాలో సెయ్యో పోతే ఇంకోదాన్ని తెస్తారు. ఈయమ్మ బాగయితే ఆ అలవాటన్నా తప్పుతాది గదా?"

ఆ రెండో మాటతో నాకు ఆమె మీద నమ్మకం పెరిగింది. ప్రేమతోనే చేశానని ఎవరైనా చెప్తే నేను సగమే నమ్ముతాను. తన భయం కూడా కలిపి చెప్పిన మనిషి అబద్ధం చెప్పదు.

ఆ మధ్యాహ్నం కాన్పుల గదిలో బిడ్డ తల కనిపిస్తోంది. నా రెండు చేతులూ అక్కడే ఉన్నాయి. వార్డులోంచి చిన్నామె కేక వినపడింది, "నర్సమ్మా!" అని. ఆ వెంటనే చాలామంది ఆడవాళ్ళ కేకలు, "సంపుతాంది! సంపుతాంది!" అని. బిడ్డను అందుకొని తల్లి పొట్ట మీద పెట్టి, పక్కనున్న అమ్మమ్మకు అప్పగించి, ఎట్లా ఉన్న చేతులు అట్లానే పరుగెత్తాను.

వార్డంతా ఆ మంచం చుట్టూ మూగి ఉంది. చిన్నామె మంచం మీదికి ఎక్కి, మోకాళ్ళ మీద నిలబడి, కుడి చెయ్యి పెద్దామె నోట్లోకి తోసి ఉంది. పెద్దామె ముఖం నల్లబడిపోయింది. నోటి నుంచి రక్తం కారుతోంది. దారం బొత్తాంతో సహా నేల మీద పడి ఉంది. కంటికట్టుతోనే ముసలమ్మ చిన్నామె జడ పట్టి లాగుతోంది. ఇంకో ఇద్దరు భుజాలు పట్టి లాగుతున్నారు. చిన్నామె మాత్రం నోరు విప్పకుండా, పళ్ళు బిగించి, ఆ చెయ్యి తీయడం లేదు.

మీరైతే ఏమనుకునేవాళ్ళు? నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం నేనూ అదే అనుకున్నాను. దారం నా చేతులతో నేనే ఇచ్చాను కదా.

అప్పుడు పెద్దామె చేతులు కనిపించాయి. ఎవరైనా గొంతులో చెయ్యి పెట్టి ఊపిరి ఆపుతుంటే మనం ఆ చేతిని బయటికి తోస్తాం. పెద్దామె రెండు చేతులూ చిన్నామె మణికట్టును పట్టుకొని ఉన్నాయి. బయటికి తోయడం లేదు. తన వైపే గట్టిగా అదిమి పట్టుకుంది, లాగేవాళ్ళు ఆ చేతిని తీసేస్తారేమోనని.

"వదలండి! దాన్ని వదలండి అందరూ!" అని అరిచాను. అంత గట్టిగా నేను ఎప్పుడూ అరవలేదు. జడ పట్టిన ముసలమ్మ చేతిని విదిలించి, నాలుక పట్టే పటకారు అందుకొని, చిన్నామె వేళ్ళ పక్క నుంచి దూర్చాను. ఆ వేళ్ళు నాలుకను గుడ్డలో చుట్టి పట్టుకొనే ఉన్నాయి. అది జారి జారి పోతుంటే మళ్ళీ మళ్ళీ పట్టుకుంటోంది. పటకారుతో ముందుకు లాగాను. ఒకసారి, రెండుసార్లు, ఏమీ లేదు. తర్వాత ఊపిరి వచ్చింది. ముందు చిన్నగా, ఆ తర్వాత పెద్దగా. నల్లటి ముఖం మీదికి మెల్లగా రంగు తిరిగింది.

వాచిన నాలుకను దారం కోసుకుంటూ వచ్చి, కుట్టు పూర్తిగా తెగిపోయింది. జరిగింది అదీ.

ఎవరో పాకలోకి పరుగెత్తితే డాక్టరమ్మ వచ్చింది, పాకలో చల్లుతున్న సున్నం అంటిన చేతులతోనే. చేతులు కడుక్కొని, ఈసారి బాగా లోపలిగా, లోతుగా, అడ్డంగా కుట్టు వేసింది. వేసినాక మంచం మీదే కూర్చుండిపోయి, "తప్పు నాది. మొదటి కుట్టు కొసకు దగ్గరగా వేసితిని," అంది. ఆ మాట ఆమె మా అందరి ముందు, స్వీపరమ్మ ముందు కూడా అంది. ఎంత పెద్ద డాక్టర్లనో చూశాను తర్వాత. ఆ మాట అంత సులభంగా అనగలిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

అప్పుడు ఆమె చూపు చిన్నామె చేతి మీద పడింది. పెద్దామెకు వెనక పళ్ళు రెండు పక్కలా అలాగే ఉన్నాయి. ఊపిరాడని మనిషి దవడ దానంతట అదే బిగుసుకుంటుంది. చిన్నామె రెండు వేళ్ళు ఎముక కనిపించేదాకా నలిగిపోయాయి.

"ఇవి ఎవరు కరిచిరి?" అని డాక్టరమ్మ అడిగింది.

"అక్కే," అంది చిన్నామె. వెంటనే, "కావాలని కరిసిందా ఏంది! ఏమనొద్దండి మ్మా," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పటిదాకా ఆమె ఏడవలేదు.

ఆ సాయంత్రం చేతికి కట్టుతో ఉన్న ఆ పిల్లను పక్క మంచం ముసలమ్మ దగ్గరికి పిలిచింది. తడుముకుంటూ చిక్కులు తీసి, నూనె రాసి, తను లాగి చెరిపిన జడను తనే మళ్ళీ అల్లింది. పెద్ద నర్సమ్మ మర్నాటి నుంచి తన ఇంటి నుంచి వచ్చే కాఫీలో ఒక గ్లాసు ఆ పిల్లకు పంపేది.

కలరా తగ్గింది. పెద్దామె నాలుక తన చోటు తాను నేర్చుకుంది. అంతటితో కష్టాలు తీరాయని కాదు. గాయం ఒక చోట విడిపోయి, తాగిన మజ్జిగ మెడ మీదికి కారేది. అది మూయడానికి చాలా రోజులు పట్టింది. చొంగ ఆగేది కాదు. కింది పెదవికి ఆనిక లేక, మాటలో ప, బ, మ, వ అనే అక్షరాలన్నీ హ అయిపోయాయి. ఒకనాడు ఆమె చెంబులో నీళ్ళు తెప్పించుకొని అందులో ముఖం చూసుకుంది. మేమందరం చుట్టూ నిలబడ్డాం. చాలాసేపు చూసి, చెంబు కింద పెట్టి అంది:

"గడ్డా హోయింది. గడ్డహూ హోయింది."

గడ్డా పోయింది, గడ్డమూ పోయింది. ముందు చిన్నామె నవ్వింది, తర్వాత మేం నవ్వాం. ఆ తర్వాత ఆమె కొంగు కప్పుకొని, గోడ వైపు తిరిగి, ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. అది కూడా చెప్పాలి. చిన్నామె ఆ వీపుకు ఆనుకొని కూర్చుంది.

భర్తకు కబురు ఎలా అందిందో, ఒకరోజు అతను వచ్చాడు. పొడుగాటి మనిషి, తలకు రుమాలు, చేతిలో వెన్న గురిగి, చిన్న మట్టి ముంత. శవాన్ని చూడ్డానికి వచ్చినవాడి ముఖంతో గుమ్మంలో నిలబడిపోయాడు. చిన్నామె చెయ్యి పట్టి లోపలికి తెచ్చింది.

"బాగుండావా?" అన్నాడు పెద్దామెతో, ముఖం వైపు చూడకుండా.

పెద్దామె ఏదో అంది. అతనికి అర్థం కాలేదు. చిన్నామె వంక చూశాడు.

"ఎండన పడి వచ్చినావు, కూర్చో అంటాంది," అంది చిన్నామె.

నేను పక్కనే కట్టుగుడ్డలు మడతపెడుతున్నాను. ఇన్నాళ్ళుగా ఆ మాట విని విని నాకు బాగా తెలుస్తుంది. ఆమె అన్నది అది కాదు. "ఇన్నేండ్లకు అడిగినావా ఆ మాట?" అంది.

అతను కూర్చున్నాడు. పెద్దామె మళ్ళీ అంది, "కూర్చోమని ఎవరన్నారు?" అని.

"నీళ్లు తాగుతావా అంటాంది," అంది చిన్నామె.

నేను నవ్వు ఆపుకోలేక గుడ్డల మీదికి వంగిపోయాను. పెద్దామె భుజాలు కూడా కదులుతున్నాయి. అతను ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"అది ఇంత మెత్తగా మాట్లాడే మనిషి కాదే," అన్నాడు చివరికి. "పన్నెండేండ్లు కాపురం చేసినా దాంతో. నిజంగా ఏమంటాందో సెప్పు."

చిన్నామె ఉన్నదున్నట్టు చెప్పింది. అతను తల వంచుకున్నాడు. ఆ తర్వాత తల ఎత్తి మొదటిసారి పెద్దామె ముఖం వైపు సూటిగా చూశాడు. "అడగాల్సింది," అన్నాడు. "నేనే అడగలేదు." రుమాలు తీసి ముఖం తుడుచుకొని, వెన్న గురిగి ఆమె మంచం మీద, చేతికి అందేచోట పెట్టాడు. చిన్నామె చేతి కట్టు అప్పుడు చూసి, ఏమైందని అడిగాడు. ఈసారి పెద్దామె చెప్పింది. చిన్నామె ఆ మాటలు విప్పి చెప్పడానికి ఒప్పుకోలేదు, సిగ్గుపడి బయటికి పోయింది. నేనే చెప్పాను.

వాళ్ళు ముగ్గురూ కలిసి రైలెక్కారు. తర్వాత యుద్ధం వచ్చింది. డాక్టరమ్మ తన దేశం వెళ్ళి మళ్ళీ రాలేకపోయింది. కాంపౌండరయ్య రిటైరయ్యాడు. నేను పల్లెల్లో బాలింతలను చూసిరావడానికి బండి మీద తిరిగే పనిలో పడ్డాను. ఒక పర్యటనలో వాళ్ళ ఊరు దారిలో ఉందని తెలిసి, బండి ఆపించి అడుగుతూ వెళ్ళాను.

వేరుశనగ చేలల్లో చెనక్కాయలు పీకే కాలం. వాకిలంతా కాయలు ఆరబోసి ఉన్నాయి. చిన్నామె ఒళ్ళంతా మట్టితో, నన్ను గుర్తుపట్టి పరుగెత్తుకొచ్చి కావలించుకుంది. ఆ రెండు వేళ్ళూ వంకరగానే నిలిచిపోయాయి. ఆ వేళ్ళతోనే కాయలు దూస్తోంది. మూడేళ్ళ ఆడపిల్ల ఒకతి ఆమె కుచ్చిళ్ళు పట్టుకొని నన్నే చూస్తోంది.

"హజ్జిగ తాగుతాహా?" అని అడిగింది ఆ పిల్ల నన్ను.

"తాగుతా తల్లీ, ఇయ్యి," అన్నాను.

చిన్నామె నుదురు కొట్టుకుంది. "సూడు మ్మా దీని మాట! నేను పొద్దున పోతే మాపటికి వస్తా. ఇది పుట్టినప్పటి నుంచి ఆయమ్మ ఒళ్ళోనే. మాట గూడా ఆయమ్మదే వచ్చింది. రెండు పెదాలు సుబ్బరంగా ఉండాయి గదా దీనికి! ఊర్లో పిల్లోళ్లు నవ్వుతారు." పిల్ల వైపు తిరిగి, "ఏదీ, పెద్దమ్మా అను," అంది.

"హెద్దహ్హా," అంది పిల్ల.

"అట్ల కాదే. పె...ద్ద...మ్మా."

పిల్ల వాళ్ళమ్మ నోటి వంక శ్రద్ధగా చూసింది. పెదవులు బిగించి, విప్పి, మళ్ళీ బిగించి, "పెద్దమ్మా," అంది. ఒక్క అక్షరం తప్పు లేకుండా అంది. ఆ మాట తనే ఒకసారి ఆలోచించుకున్నట్టు ఆగింది. ఆ తర్వాత తల అడ్డంగా ఊపి, తెలియని వాళ్ళకు చెప్పినట్టు వాళ్ళమ్మకు చెప్పింది.

"అట్ల కాదు."

ఇంటి వైపు తిరిగి, గొంతెత్తి పిలిచింది, "హెద్దహ్హా!" అని.

లోపలి నుంచి పెద్దామె పలికింది.